మొదటి కొస

పోయిన వారం మనం గౌరమ్మను ఒక గాజు గిన్నె ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. గిన్నెలో చాకలిసోడా కలిపిన నీళ్ళు, ఆ నీళ్ళలో వెంట్రుకకన్నా సన్నని పట్టుపోగు. పోగంతా ఎప్పటిలాగే లేత పసుపురంగులో ఉంది గానీ, ఒక కొసన మాత్రం వేలెడు మేర రక్తం అంటుకున్నట్టు ఎర్రబడింది. పొద్దున మామూలుగా ఉన్న పోగు నీళ్ళలో వేయగానే ఇలా ఎందుకయిందో ఆమెకు ఎంత ఆలోచించినా అంతుచిక్కలేదు.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. గౌరమ్మ బెంగుళూరు కబ్బన్‌పేటలో పట్టు వడికే సొన్నప్ప కూతురు. బి.ఎస్సీ. చదివి, డాక్టర్ కమలమ్మ నడిపే కంటి పరిశోధనశాలలో ఉద్యోగానికి చేరింది. పేటలో రవికలు కుట్టేవాళ్ళుంటారు, చెప్పులు కుట్టేవాళ్ళుంటారు, గోనెసంచులు కుట్టేవాళ్ళూ ఉంటారు. కళ్ళు కుట్టే పిల్ల అంటే మాత్రం, సంబంధం చూడవచ్చినవాళ్ళు కాఫీ కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయేవారు. గౌరమ్మ వాళ్ళకోసం పెద్దగా బాధపడిందీ లేదు, వాళ్ళ కాఫీ తానే తాగేసి పనికి పోయేది.

ఆ రోజుల్లో కంట్లో పొర తీశాక కుట్టు వేసే దారం ఓడ మీద పరదేశం నుంచి రావాలి. వస్తే వచ్చింది, రాకపోతే లేదు. దారం లేనప్పుడు కుట్టు వేయకుండానే కట్టు కట్టి, రోగి తలకు రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి, కదలొద్దని చెప్పి, దేవుడి మీద భారం వేసేవారు. పట్టు పుట్టిన సీమలో ఉండి పట్టుదారం కోసం ఓడల వైపు చూడటమేమిటని కమలమ్మకు ఒక రోజు కోపం వచ్చింది. ఆ కోపానికి సొన్నప్ప వేళ్ళు తోడయ్యాయి. ఆయన వడికిన పోగు కుందేళ్ళ కళ్ళలో చక్కగా ఇమిడిపోయింది. ఇక మనిషి కంటికి వాడటమే తరువాయి అనుకుంటుండగా, చివరి విడతలో రెండు కుందేళ్ళ కళ్ళు వాచి చీము పట్టాయి. మిగతావి నిక్షేపంగా ఉన్నాయి. అన్నిటికీ పడింది ఒకే చుట్ట, ఒకే లడి దారం, వేసింది ఒకే చేయి.

శుక్రవారం మొదటి మనిషి కంట్లో ఆ దారం పడాలి. ఆ మనిషి సొన్నప్పే. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఆయనకు ఎడమ కన్ను పోయింది. ఉన్న ఒక్క కంటికీ శుక్లం ముదిరింది. పైగా జీవితమంతా మగ్గాల గదుల దుమ్ము పీల్చి దగ్గు పట్టుకున్న మనిషి. కుట్టు లేని కన్ను ఒక్క గట్టి దగ్గుకు విచ్చుకుపోతుంది. అందుకే ఇసుక సంచుల వైద్యం ఆయనకు పనికిరాదు. ఓడ దారం అయిపోయి చాలా కాలమైంది. "కుందేళ్ళకు ఎందుకట్ల అయిందో తెలియకుండా నేను కత్తి పట్టను. తెలిస్తే ఒక్క గంట కూడా ఆగను" అని కమలమ్మ తేల్చి చెప్పింది.

ఇప్పుడా కమలమ్మ గది గుమ్మంలో నిలబడి గిన్నెలోకి చూస్తోంది. దగ్గరికి మాత్రం రాలేదు. కళ్ళకలక వచ్చిందని ఆ వారమంతా నల్ల కళ్ళద్దాలు తీయడం లేదు, ఎవరినీ దగ్గరికి రానీయడం లేదు.

"రక్తమా, డాక్టరమ్మా?" అంది గౌరమ్మ.

"రక్తం నేను చాలా చూసినాను గౌరీ. అది రక్తం కాదు. ఏమిటో నాకు తెలియదు." కమలమ్మ గొంతు ఆ రోజు కొంచెం అలసటగా ఉంది. "పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా నువ్వు. ఇంటికి పోయి తినిరా. ఖాళీ కడుపుతో వెతికితే ఏదీ దొరకదు."

డాక్టరమ్మ మాట కాదనే అలవాటు గౌరమ్మకు లేదు. గిన్నెలోని పోగు పక్కనే, అదే లడి నుంచి తెంచిన మరో పోగుముక్కను చిన్న గాజు గొట్టంలో వేసుకుని, దాన్ని సంచిలో పెట్టుకుని బయలుదేరింది. ఇంటికి పోయినా పని వెంట రావాల్సిందే.

చిక్కపేటలో ఆ వేళకు చీరల మూటల బండ్లు దారికి అడ్డంగా నిలిచి ఉన్నాయి. వాటిని తప్పించుకుంటూ కబ్బన్‌పేట సందులోకి తిరిగేసరికి మగ్గాల చప్పుడు ఎదురొచ్చింది. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి అది ఆమెకు చప్పుడులా వినిపించదు. ఆగిపోతేనే వినిపిస్తుంది.

సొన్నప్ప రాట్నం ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని పోగుకు పురి పెడుతున్నాడు. తెరిచినా మూసినా ఒకటేనని ఆయన లెక్క.

"వస్తివా అమ్మణ్ణీ? ఏమంటా ఉండాది మీ డాక్టరమ్మ? శుక్రవారం ఉన్నట్టా, లేనట్టా?"

"చూడల్ల నాయినా."

"చూడల్లంటే నాకు చూపు కావల్ల గదా. అది మీ చేతిలోనే ఉండాది." తన మాటకు తనే నవ్వుకుని దగ్గాడు. గౌరమ్మ మంచినీళ్ళ చెంబు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

అక్కయమ్మ వంటింట్లోంచి రాగిముద్ద, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో కాచిన బస్సారు పెట్టిన కంచం తెచ్చి కూతురి ముందు పెట్టింది. పొట్టిగా, బొద్దుగా, ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉండే మనిషి. "తిను ముందు. మొగమంతా పీక్కొని పోయుండాది. కుందేళ్ళకన్నా ఆకులు పెడతావు, నీకు నువ్వు పెట్టుకోవు."

"తింటాలేమ్మా."

"మీ నాయినకు ఇంత దిష్టి తీసి వస్తా ఉండు. పొద్దున్నుంచి వీధి వీధంతా వచ్చి చూసిపోయినారు. సొన్నప్ప కంట్లో సొన్నప్ప పట్టే కుడతారంట అని పక్కింటి పిల్లమ్మ ఒకతే మూడు మార్లు వచ్చె. అంతమంది కండ్లు పడితే మంచిదా?"

ఆమె ఇత్తడి తట్టలో నీళ్ళు పోసి, పసుపు కలిపి, ఆకువక్కల డబ్బా తెరిచి గోటితో ఇంత సున్నం తీసి అందులో వేసింది. వేలితో కలిపింది. పసుపు నీళ్ళు కళ్ళముందే ఎర్రనీళ్ళయిపోయాయి.

గౌరమ్మ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. బిడ్డ పుట్టినా, కొత్త మగ్గం ఎక్కించినా, ఊరి నుంచి ఎవరైనా వచ్చినా, ఆ ఎర్రనీళ్ళు తట్టలో తిరగాల్సిందే. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆమె ఇన్నాళ్ళూ పుస్తకాల్లో వెతికింది. పసుపుకు సున్నం తగిలితే ఎరుపు. సోడా తగిలినా ఎరుపే.

ఎంగిలిచేయి కడుక్కుని, సంచిలోంచి గాజు గొట్టం తీసింది. పోగుముక్కను పట్టకారుతో పట్టుకుని, తల్లి చేతిలో ఉన్న తట్టలో ముంచింది.

"ఏమే, దిష్టి నీళ్ళల్లో చెయ్యి పెట్టగూడదే" అంది అక్కయమ్మ.

గౌరమ్మ వినిపించుకోలేదు. పోగును తీసి మంచినీళ్ళలో జాడించి, తన తెల్లచీర కొంగు మీద పరిచి చూసింది. ఒక కొసన వేలెడు మేర ఎరుపు. మిగతాదంతా పట్టు పుట్టు రంగు. మన సీమ పట్టుగూళ్ళు పుట్టుకతోనే పసుపుపచ్చగా ఉంటాయి. అందుకే దాని మీద పసుపు అద్దినా ఎవరి కంటికీ ఆనలేదు.

"అమ్మా, లడికి పసుపు పెట్టినావా?"

"పెట్టకుండా ఎట్ల పంపిస్తానే?" అంది అక్కయమ్మ, చారులో ఉప్పు వేశావా అని అడిగితే చెప్పినంత మామూలుగా. "మగ్గం మీద నుంచి చీర దిగినా, రాట్నం మీద నుంచి లడి దిగినా మొదటి కొసకు పసుపు తగలల్ల. మీ అవ్వ నాటి నుంచి ఉండేదే గదా. మీ నాయిన చూపు బాగుండినప్పుడు ఆయనే గుడ్డలో చుట్టి నీ చేతికిచ్చేస్తా ఉండె. ఇప్పుడు నేను గదా దించేది."

గౌరమ్మకు మొత్తం అర్థమైంది. మొదటి విడతల్లో కుందేళ్ళు ఎందుకు బాగున్నాయో, ఇప్పుడెందుకు లేవో, అందులోనూ రెండింటికే ఎందుకు చెడిందో. లడి మొదటి కొసన గుత్తిగా ఉండే పోగులకే పసుపు తగిలింది, ఆ రెండింటికీ పడింది అక్కడి నుంచి తెంచిన దారమే. కారణం దొరికిందన్న సంతోషం రావలసిన చోట ఆమెకు కోపం వచ్చింది. ఇన్ని రోజుల నిద్రలేమి, నాయన కంటి మీద బెంగ అన్నీ కలిసి ఒక్కసారి నోటికొచ్చాయి.

"చేతులు కడుక్కోకుండా ముట్టుకోవద్దని నేను చెప్పలేదా?"

"కడుక్కొనే పెట్టినా గదా. సీకాయ వేసి రుద్ది రుద్ది కడిగి, ఆమీట పసుపు అద్దినా. పసుపు మురికంటావా నువ్వు? చిన్నప్పుడు మోకాళ్ళు పగలగొట్టుకొని వస్తే నీకేమి పెట్టినా? మీ నాయినకు రాట్నం గీసుకుంటే ఏమి పెడతా? దెబ్బకు పెట్టేది కంటికి పోయే దారానికి పెడితే తప్పా?"

"నీ పసుపుతో రెండు కుందేళ్ళ కండ్లు పోయినాయమ్మా. శుక్రవారం వచ్చుంటే నాయిన కన్నూ పోయుండు."

అనేసింది. అన్న తరువాత నోరు మూసుకుని లాభమేముంది. అక్కయమ్మ చేతిలో తట్ట ఒరిగి ఎర్రనీళ్ళు కొన్ని నేల మీద ఒలికాయి. ఆమె తట్టను కింద పెట్టి, ఒలికిన నీళ్ళను కొంగుతో తుడవడానికి వంగింది. ఎంతసేపటికీ ఆమె తల పైకి లేవలేదు.

సొన్నప్ప రాట్నం ఆపాడు. "అమ్మణ్ణీ, మీయమ్మ ఏదీ ఊరికే చేసేది కాదు. నాకిన్నేండ్లుగా తెలుసు. ఊరికే గద్దించద్దు, అడుగు."

గౌరమ్మ అడగలేదు. అక్కయమ్మే నేలవైపు చూస్తూ చెప్పింది.

"చీరలకైతే వంటింటి పసుపే పెడతా. నీ లడికి మాత్రం కొమ్ము అరగదీసి, కొత్త పసుపు పెడతా ఉంటి. ఎవురో కట్టుకునే చీర కాదు గదా ఇది, నీ వెంట పోయేది." తడి కొంగు పిండుకుంది. "నీ ఈడు పిల్లలకంతా వాళ్ళమ్మలు పెండ్లి పీటల మీద పసుపు పెట్టినారు. నాకు ఆ రాత లేకపోయె. నీకిష్టం లేనిది నేను అడిగేదాన్ని కాదు, ఎన్నడన్నా అడిగినానా? నీ పనే నీకు పెండ్లి అనుకొంటి. ఆ పనికి పోయే పట్టుకన్నా పెడదామని పెడితి. అంతే."

గౌరమ్మకు ఏడుపొచ్చింది. సంబంధాలు తప్పిపోయినప్పుడు రానిది, కుందేళ్ళు మూలిగినప్పుడు ఆపుకున్నది, ఇప్పుడు ఆగలేదు. అమ్మ తనను చెంపమీద ఒక్కటి కొట్టినా బాగుండేదనిపించింది. తడినేల మీదే తల్లి పక్కన కూలబడి, ఆమె రెండు చేతులూ తీసుకుంది. ఆ వేళ్ళ సందుల్లో, గోళ్ళ చుట్టూ, ఏ సీకాయకూ పోని పసుపు ఉంది.

"తప్పు నీది కాదమ్మా, నాది. ముట్టుకోవద్దంటినే గానీ, ఎందుకో ఒక్కనాడన్నా చెప్తినా?"

"ఇప్పుడు చెప్పు. నాకేమి అర్థం గాదా?"

"పసుపు ఎంత మెత్తగా అరగదీసినా నలుసు ఉంటాది. నాయిన పెట్టే పురిలో ఆ నలుసు ఇరుక్కుంటాది. ఉడకబెట్టినా పోదు. మోకాలి మీదయితే స్నానం చేస్తే పోతాది. కంట్లో నలుసు పడితే ఎట్ల ఉంటాది నీకు?"

"ప్రాణం పోతాది."

"ఆ నలుసును లోపలే పెట్టి కుట్టేస్తే? రుద్దుకొనేకి చేతులు లేనిదానికి?"

అక్కయమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "అయ్యో, ఆ కుందేళ్ళు" అంది మెల్లగా. "నోరులేని ముండలు. ఎంత అల్లాడిపోయినాయో." ఆమెకు ఇక ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది.

తట్టను పక్కకు జరిపి అక్కయమ్మ మళ్ళీ అంది. "అయితే ఇంక పసుపు లేకుండానే పంపల్లంటావు."

ఆ గొంతులోని లోటు గౌరమ్మ విన్నది. సైన్సు పుస్తకంలో దీనికి జవాబు లేదు. "లడికొద్దు. నాకు పెట్టు. నేను పని ముట్టుకొనే ముందు కడుక్కొని పోతా. నీ పసుపు పెట్టిన చేతులతోనే గదా ఆ దారం పట్టుకొనేది."

అక్కయమ్మ లేచి వెళ్ళి పసుపు కొమ్ము తెచ్చి, సానరాతి మీద నాలుగు చుక్కల నీళ్ళతో అరగదీసింది. కూతురి రెండు చేతులకూ పెట్టింది. అంతటితో ఆగక పాదాలకూ పెట్టింది, చెంపలకూ పెట్టింది. గౌరమ్మ చిన్నపిల్లలా మొహం ముందుకు చాచి కూర్చుంది. రాట్నం దగ్గర సొన్నప్ప, "నాకేమీ కనపడలేదులే, కానీండి" అన్నాడు. కండువాతో కన్ను తుడుచుకుంటూ అన్నాడు కాబట్టి ఆ మాట ఎవరూ నమ్మనక్కర్లేదు.

కొత్త లడి ఆ పొద్దుకు సిద్ధంగా ఉంది. అక్కయమ్మ సీకాయతోనూ, తరువాత సబ్బుతోనూ, ఆ తరువాత బూడిదతోనూ చేతులు తోముకుంది. కొళాయి దగ్గర గిన్నెలు తోముకుంటున్న పిల్లమ్మ వింతగా చూసింది. చివరికి అక్కయమ్మ చేతులు ఎవరివో అన్నట్టు పాలిపోయి కనిపించాయి. అప్పుడు గౌరమ్మ చెప్పినట్టు పట్టకారుతోనే లడిని దించి, ఉడికించిన తెల్లగుడ్డలో చుట్టింది.

"నేనూ వస్తా" అంది.

"నువ్వెందుకమ్మా?"

"నేను చేసిందానికి నేనే చెప్పుకోవల్ల డాక్టరమ్మకు. నీ నోటితో చెప్పిస్తే బాగుండదు."

ఇద్దరూ జట్కా ఎక్కారు. గుడ్డమూటను అక్కయమ్మ ఒళ్ళో పెట్టుకుంది గానీ చేత్తో పట్టుకోలేదు. జట్కా గుంతలో పడ్డప్పుడల్లా మోచేతులతో ఆనించి పట్టింది. గౌరమ్మకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. మనసు మాత్రం తేలికగా ఉంది. కారణం దొరికింది. శుక్రవారం నాయన కన్ను తెరుచుకుంటుంది. కట్టు విప్పాక మొదట తనను చూడమనాలా, అమ్మను చూడమనాలా అని ఆలోచించుకుంటూ వెళ్ళింది.

పరిశోధనశాలలో అక్కయమ్మ ముందు కుందేళ్ళ దగ్గరికే పోయింది. కట్లు కట్టిన రెండింటి ముందు కూర్చుని, కొంగులోంచి కొత్తిమీర కాడలు తీసి, బోను సందులోంచి అందించింది. ఏవో మాట్లాడుతోంది వాటితో. గౌరమ్మ ఆమెను అక్కడ వదిలి, చేతులు కడుక్కుని, డాక్టరమ్మ గదిలోకి దాదాపు పరుగెత్తింది.

కమలమ్మ కుర్చీలో వెనక్కి వాలి ఉంది. చిక్కపేట బట్టల వ్యాపారి ఇంటి ఆడపడుచు ఆమె. పదహారేళ్ళకే భర్త పోతే, ఇంటి వెనకగదిలో కూర్చోమన్న పెద్దలకు ఎదురు చెప్పకుండానే, ఆ వెనకగదిలోనే చదువుకుని డాక్టరైన మనిషి. నల్ల అద్దాల వెనక ఆమె ఏమి ఆలోచిస్తోందో తెలియదు.

గౌరమ్మ ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. ఎర్రనీళ్ళు, సున్నం, అమ్మ పసుపు, నలుసు అన్నీ. "దారంలో దోషం లేదు డాక్టరమ్మా. నాయిన పురిలో లేదు. శుక్రవారం ఆపనక్కరలేదు."

కమలమ్మ ఎగిరి గంతేయలేదు. ఒకే ఒక్క మాట అడిగింది. "ఏ కొసకు?"

"మొదటి కొసకు. ఎప్పుడూ మొదటి కొసకే."

"బాగా కనుక్కున్నావా?"

"అమ్మే చెప్పింది. ఆ రెండు కుందేళ్ళకూ అక్కడి నుంచే తెంచినాము. మిగతా లడంతా శుభ్రం."

"రెండు కాదు గౌరీ, మూడు." కమలమ్మ చేయెత్తి నల్ల కళ్ళద్దాలు తీసింది.

కుడికన్ను రెప్పలు ఉబ్బి దాదాపు మూసుకుపోయాయి. సందులో కనిపించినంత మేర ఎరుపు. నల్లగుడ్డు అంచున, ఆ ఎరుపు మధ్య, ఒక చిన్న కుట్టు. ఆ కుట్టును గౌరమ్మ ఎక్కడ చూసినా గుర్తుపడుతుంది.

"డాక్టరమ్మా."

"మీ నాయన కంట్లో పెట్టే దారం ఎట్లా ఉంటుందో కుందేలు చెప్పదు కదా. గరుకుగా ఉంటుందా, గుచ్చుతుందా, రెప్ప వేస్తే అడ్డం వస్తుందా? నాకు తెలియనిది ఇంకొకరి కంట్లో ఎట్లా పెడతాను? కుందేళ్ళకు వేసిన రోజే ఇక్కడి కంటి డాక్టర్ రామయ్యతో ఒక్క కుట్టు వేయించుకున్నాను. లడి మొదటి కొస నుంచి ముందు తెంచింది నా కంటికే." చిన్నగా నవ్వింది. "వాచిందని తెలిసే తీయకుండా ఉంచుకున్నాను. కారణం దొరుకుతుందేమో చూద్దామనుకున్నాను. నీతో చెబితే మీ నాయనను శుక్రవారం రానీయవని దాచినాను. నిన్నటి నుంచి కొంచెం మసకగా ఉంది. ఇంక ఉంచకూడదు."

"రామయ్య డాక్టరును పిలిపిస్తాను."

"దొడ్డబళ్ళాపురం కంటి శిబిరానికి పోయినాడు. వచ్చేదాకా ఆగితే గుడ్డుకు పాకుతుంది. ఈ వాపులో ఈ దారాన్ని వెతికి పట్టేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరున్నారు, నువ్వు తప్ప? ఎన్ని కుందేళ్ళకు తీసినావు. నొప్పి తెలియకుండా చుక్కలమందు వేసుకున్నాను. చేతులు కడుక్కో."

గుమ్మం దగ్గర అలికిడయింది. అక్కయమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. కొత్తిమీర కాడ ఒకటి ఇంకా చేతిలోనే ఉంది. ఆమె ఆ కన్నువైపు చూసింది, తరువాత తన చేతులవైపు చూసుకుని వాటిని కొంగు కింద దాచుకుంది.

"నా చేతి పసుపేనా తల్లీ అది?"

"రండి అక్కయమ్మా. అట్లా దూరంగా నిలబడద్దు." కమలమ్మ గొంతులో అలసట పోయి ఏదో మెత్తదనం వచ్చింది. "నాకు పసుపు పెట్టి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు. పేరంటాలకు పిలవరు, పిలిచినా పెట్టరు. మీరు పెట్టినారు. కొంచెం చోటు తప్పింది, అంతే కదా."

అక్కయమ్మ కళ్ళు ధారగా కారాయి. తుడుచుకోలేదు. "నేనేమి చేయల్లో చెప్పు తల్లీ."

"నా తల పట్టుకోండి. గౌరి తీసేటప్పుడు నేను కదలకూడదు."

బల్ల మీద కమలమ్మ పడుకుంది. ఎడమకంటి రెప్ప అదరకుండా దాని మీద దూది పెట్టి కట్టు కట్టింది గౌరమ్మ. అక్కయమ్మ తలవైపు ముక్కాలిపీట మీద కూర్చుని, పాలిపోయిన ఆ రెండు చేతులతో డాక్టరమ్మ తలను, పసిబిడ్డకు నూనె అంటేటప్పటిలా, గట్టిగా మెత్తగా పట్టుకుంది.

గౌరమ్మ చేతులు రెండోసారి కడుక్కుంది, మూడోసారి కడుక్కుంది. గోళ్ళ అంచుల్లో పసుపు రేఖ ఇంకా ఉంది. అది పోయేదాకా కడిగింది. భూతద్దం పెట్టుకుని, సన్నని పట్టకారు తీసుకుని వంగింది. తల్లి ఒకసారి ఆమె వైపు చూసింది. గౌరమ్మ పట్టకారును సరిచేసి పట్టుకుంది.

బల్ల పక్కన పెద్ద కిటికీ. దాని రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. మధ్యాహ్నపు ఎండ నేరుగా కమలమ్మ మొహం మీద పడుతోంది. ఆ వెలుతురులో గౌరమ్మకు దారం కొస కనిపించింది. వాచిన రెప్పను వేలితో మెల్లగా పైకెత్తింది. ఎండ సూటిగా ఆ కంట్లో పడింది.

"తొందరపడద్దు గౌరీ" అంది కమలమ్మ నెమ్మదిగా. "నీకు వెలుతురు చాలదు. ముందు ఆ కిటికీ తెరువమ్మా."

గౌరమ్మ చేతిలో పట్టకారు ఆగిపోయింది. తలెత్తి తల్లివైపు చూసింది. అక్కయమ్మ కిటికీవైపు చూసింది, తన చేతుల మధ్య ఎండలో మెరుస్తున్న ఆ మొహంవైపు చూసింది. వంగి, డాక్టరమ్మ చెవి దగ్గర చెప్పింది.

"తెరుస్తా ఉండాము తల్లీ. నువ్వు కదలద్దు."